మోడెంకు కట్టిన ధర చీటీ

డోన్ పాత బస్టాండు వెనక బట్టల అంగడి మునిరత్నం సావుకారికి తన తెలివి మీద ఉన్నంత నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. నేను ఓబుళేశును, ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఆయన గొప్పతనాన్ని దగ్గరుండి చూసే యోగం రెండు వేల తొమ్మిదిలో నాకు పట్టింది.

ఆయన అంగట్లో ప్రతి చీరకూ ఒక అట్టచీటీ వేలాడుతుంది. దాని మీద అమ్మే ధర అంకెల్లో, కొన్న ధర అక్షరాల్లో ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెకొక అక్షరం, తాతల నాటి గుర్తు. బేరమాడేవాళ్లకు అసలు ధర తెలియకూడదు కదా. ఆ గుర్తు ఇంట్లో మగవాళ్లకే నేర్పుతారు. కొడుకు కళ్యాణ్‌కు మీసాలు రాకముందే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. కూతురు సాహితి అడిగితే, "నీకెందుకు తల్లీ? రేపు ఇంకో ఇంటికి పోయేదానివి. మన గుట్టంతా ఆడికి మోసకపోతావు" అన్నాడట. పదేళ్ల పిల్లతో అనాల్సిన మాటేనా అది? సెలవులొస్తే అంగట్లో చీరలు మడత పెట్టడానికి మాత్రం ఆ పిల్లే కావాలి.

ఇంటికి వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించుకున్న రోజు నన్ను పిలిపించాడు. పాస్‌వర్డ్‌కు పది అంకెలు కావాలన్నాను. "నువ్వు కొంచెం బయట నిలబడప్పా" అన్నాడు. పని చేసేవాణ్ణి నేను, బయట నిలబడేదీ నేనే. అరగంట సేపు ఒంటి వేలితో పొడిచాడు. తర్వాత ఆ పది అంకెల్నీ అంగడి గుర్తులోకి మార్చి అట్టచీటీ మీద రాసి, చీరకు కట్టినట్టు మోడెం మీది యాంటెన్నా కొమ్ముకు దారంతో కట్టాడు. "ఇప్పుడు ఎవుడన్నా చదవమను, చూస్తా" అన్నాడు. ఇంటి కంప్యూటర్‌లోనూ తనే కొట్టుకున్నాడు, భార్య సుందరలక్ష్మమ్మను మొహం అటు తిప్పుకోమని చెప్పి.

ఆ ఏడే సాహితికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో ఇంటర్నెట్‌లో పెట్టుకోవాలి. గడువు దాటితే అందరూ ఏరుకోగా మిగిలిన సీటే గతి. ఈ మహానుభావుడు మంచిరోజు కాదని నాలుగు రోజులు ఆపించి, ఆఖరి రోజు బాగుందని తేల్చి, తాను చీరలు కొనడానికి ధర్మవరం పోయాడు. ఆ మధ్యాహ్నమే కరెంటు ఎక్కువై ఇంట్లో కంప్యూటర్ కాలిపోయింది. మోడెం బతికింది గానీ, దాన్నుంచి కంప్యూటర్‌కు తీగ పెట్టే రంధ్రాలు మాడిపోయాయి. నేను పోయేసరికి మూడున్నర. గడువు ఐదింటికి. నెట్ సెంటర్ల ముందు జనం రోడ్డు దాకా ఉన్నారు. నా లాప్‌టాప్ తీసి వైర్‌లెస్‌తో కలపబోతే పాస్‌వర్డ్ అడిగింది.

సావుకారికి ఫోన్ చేశాను.

"ఫోన్లో చెప్పేదా? మధ్యలో ఎవరెవరు వింటాంటారో నీకు తెల్సా? రైలెక్కినా. ఆరుకంతా వచ్చి నేనే కొడతా."

"ఐదుకే అయిపోతాది సావుకారీ."

"ఒక గంట చూస్తార్లేప్పా" అని పెట్టేశాడు. రాష్ట్రమంతా ఈయన రైలు దిగేదాకా కాచుకుని కూర్చుంటుందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

సుందరలక్ష్మమ్మ అంగట్లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. "ఆ అక్షరాలా? ఎప్పుడో చెప్పినాడు గానీ నాకేం గుర్తుండాదిమా. అన్నీ నాయనే చూసుకుంటాడు గదా" అన్నాడు కళ్యాణ్. వంశానికంతటికీ నమ్మకస్తుడు వీడే.

తల్లి ఏడుపు మొదలుపెట్టింది. అంతవరకూ గోడకానుకుని కూర్చున్న సాహితి లేచి, మోడెం దగ్గరికి పోయి చీటీ తిప్పి చూసింది.

"కొట్టన్నా" అని, తడుముకోకుండా పది అంకెలూ చదివింది. కొట్టాను. కలిసింది.

నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. "చీరలు మడత పెట్టేటప్పుడు సరుకు కొన్న బిల్లులు ఆడనే పడుంటాయి గదన్నా. నాలుగు చీటీలు పక్కన పెట్టుకుంటే తెలిసిపాయ" అంది. అయిదుకు పది నిమిషాలుండగా పని ముగించింది. ఆమె పెట్టుకున్న మొదటి కాలేజీ అనంతపురంలో, కంప్యూటర్ కోర్సు.

కాలిపోయిన కంప్యూటర్ విప్పి చూస్తూ నేనింకా అక్కడే ఉండగా, సావుకారి ఆరున్నరకు వచ్చాడు. చెప్పులు విప్పకముందే లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ నడవడం చూశాడు.

"నా చీటీ ఎవరు చదివినారు?"

"నేనే నాయనా."

"నీకెవరు చెప్పినారు? ఎప్పట్నుంచి తెల్సు?"

"ఎవరూ చెప్పల్యా. ఎనిమిదేండ్లాయ తెలిసి. ఇంతవరకూ ఒక్కరికన్నా చెప్పినానా?"

పెద్దమనిషి చొక్కా గుండీలు సవరించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఓబుళేశూ, ఆ పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చల్ల" అన్నాడు.

ఏ కాలేజీ పెట్టుకున్నావమ్మా అని అడుగుతాడేమోనని సాహితి అక్కడే నిలబడి ఉంది. ఆయన చీటీ విప్పుకుంటున్నాడు. ఆ పిల్ల ఇంకాసేపు చూసి లోపలికి పోయింది.