పాత హోటల్ వెనక మెట్లు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే నవ్వేసే రకం నేను. ఇప్పుడూ నమ్ముతున్నానని అనను. కెనడాలోని ఒషావాలో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతా.

ఎక్కడ చూసినా మన స్టూడెంట్సే, అద్దెకి ఇళ్ళ బేస్‌మెంట్లు కూడా దొరకని రోజులవి. డౌన్‌టౌన్‌లో మూతపడ్డ ఓ పాత హోటల్‌లో రూములు అద్దెకిస్తుంటే నేనూ, కాకినాడ అమ్మాయి అనూషా మూడో ఫ్లోర్‌లో చేరాం. క్లాస్ టైములు వేరు. నేను లిఫ్ట్‌లో దిగేదాన్ని. తనేమో "వెనక మెట్లు దిగితే బస్టాప్ దగ్గరే" అనేది. నేనెప్పుడూ అటు వెళ్ళలేదు.

ఆ చలికాలం బిల్డింగ్ కూల్చి అమ్ముకునే కాండో ఫ్లాట్లు కడతారన్నారు. అదే జరిగితే మేమంతా రోడ్డు మీదే. కూల్చకుండా కాపాడాల్సినంత హెరిటేజ్ విలువ ఉందో లేదో చూడ్డానికి సిటీ తరఫున ఎలెన్ అనే పెద్దావిడ వచ్చారు. పట్టపగలు. చూపించడానికి మేమిద్దరం వెంట తిరిగాం.

కారిడార్ చివరి తలుపు తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. "ఇక్కడ మెట్లుండేవి, ఎప్పుడో తీసేశారు" అన్నారావిడ.

"లేదండీ, నేను రోజూ దిగేది ఇటే" అంది అనూష. నీలం టైల్స్, మలుపులో గుండ్రటి కిటికీ, అన్నీ చెప్పింది.

ఎలెన్ గారితో వచ్చిన పనివాడు తాళం కోసి తలుపు లాగాడు. చల్లగాలి మొహాన కొట్టింది. లోపల మెట్లు లేవు. అడుగుదాకా చీకటి గొయ్యి. ఎదురు గోడ మీద ఏటవాలుగా నీలం టైల్స్. మధ్యలో ఇటుకలతో మూసేసిన గుండ్రటి కిటికీ.

నేనది చూస్తుండగానే అనూష బ్యాగ్ భుజాన సర్దుకుని, మామూలుగా గడప అవతలికి కాలు చాపింది.

జాకెట్ పట్టుకుని వెనక్కి లాగా. ఇద్దరం కారిడార్‌లో పడ్డాం.

"పిచ్చా నీకు? మెట్లున్నాయిగా!" అని అరిచింది. తన చూపు ఇంకా ఆ గొయ్యి మీదే ఉంది. ఎలెన్ గారు తలుపు మూసి, వీపు ఆనించి నిలబడ్డారు.

ఆ టైల్స్, ముందు హాల్లోని చెక్కపని చూసి బిల్డింగ్‌ని హెరిటేజ్ కింద నిలబెట్టారు. మేం మాత్రం ఆ వారమే ఖాళీ చేశాం.

అనూష ఇప్పుడు బర్నబీలో జాబ్ చేస్తోంది. అప్పట్లో చూపిస్తే డాక్టర్లు ఏ లోపమూ లేదన్నారు. మొన్న ఫోన్‌లో ఆ మెట్ల గురించి మళ్ళీ అడిగా. "దిగానే. చలికాలమంతా దిగా" అంది నెమ్మదిగా.

ఖాళీ చేసిన రోజు నేను బిల్డింగ్ వెనక్కి వెళ్ళి చూశా. ఆ మెట్లు బయటికి రావాల్సిన చోట తలుపే లేదు, ఇటుక గోడ. మరి తను రోజూ బస్సెలా ఎక్కిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.