కోతికి పడే పల్లీలు

నాగేశ్వరి మాదాపూర్‌లోని ఒక పరిశోధన సంస్థలో కోతి జన్యువుల్లోని డీఎన్‌ఏ అక్షరాలను మనిషివాటితో పోల్చి, తేడా వస్తే ఎర్రగుర్తు పెడుతుంది. కూతురు నీహారికకు పుట్టుకతోనే పప్పు, పాలు, పల్లీలు పడవు. తింటే మెదడు దెబ్బతింటుంది. అన్నం కూడా తూచి పెట్టాలి. ఆ జబ్బు తెచ్చే అక్షరం తల్లికి కంఠతా వచ్చు.

అదే అక్షరం ఒకరోజు ఆరోగ్యంగా ఉన్న కోతిలో కనిపించింది. పొరపాటనుకుని మళ్లీ పరీక్ష చేయించింది. మూడుసార్లూ అదే వచ్చింది.

"తప్పు కాదండి," అన్నాడు పైఅధికారి ఆదర్శ్. "మనకీ కోతికీ ఉమ్మడి తాతల నాటి అక్షరమది. మారింది మనమే. అది ఉన్నా కోతులెలా తట్టుకుంటున్నాయో తేలితే మందుకు దారి దొరకొచ్చు."

సాయంత్రం గోపన్‌పల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి కోతి దూరి, నీహారికకు అందకుండా అక్కడ పెట్టిన పల్లీల డబ్బా తెరిచింది. నాగేశ్వరి ఎప్పటిలాగే కర్ర అందుకుంది.

"అమ్మా, దానికి పల్లీలు పడతాయా?" అంది, తూచి పెట్టిన అన్నం ముందు కూర్చున్న నీహారిక.

"పడతాయి."

"అయితే కొట్టకు. తిననీ."