బూటుకీ బిళ్ళకీ మధ్య

పళ్ళ మేస్త్రి ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో కళ్ళు మూసుకుని చూపిస్తారు. కట్టుడు పళ్ళు చెయ్యడంలో ఆయన పేరు అలాంటిది. ఆయన కూర్చిన పళ్ళతో కోర్టుల్లో వాదించిన లాయర్లున్నారు, పాఠాలు చెప్పిన మేష్టర్లున్నారు, మొగుళ్ళని కరకరా నమిలిన ఇల్లాళ్ళున్నారు. మిగతావాళ్ళు రంగుల నమూనాలు నోటి దగ్గర పెట్టుకుని తంటాలు పడుతుంటే, ఆయన కిటికీ వెలుతురులో ఒక్క చూపు చూసి "ఇదీ రంగు" అనేవాడు. అన్నాక తిరుగులేదు.

రెండో పేరు బొమ్మ సైనికులది. టైర్ల షాపు పైగదిలో ప్రతి ఆదివారం పెద్ద బల్ల మీద యుద్ధం జరుగుతుంది. అట్టముక్కల కొండలు, నీలం గుడ్డ ఏరు, వేలెడంత సైనికులు, పాచికలు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి, రెండోది ఇంకా మొదలవని రోజుల్లో కొట్టుకునే రెండు దేశాలు. అవి ఏ పటంలోనూ ఉండవు, ఆట ఆడే ఈ మిత్రుల బుర్రల్లో తప్ప. కొత్త సైన్యం కావాలంటే ఏరి పెట్టేది మేస్త్రే. ఆయన ఏరిన దళాలు అక్కడి అల్మారా నిండా ఉన్నాయి, ఒక్కటీ తప్పుపోలేదు.

ఆ కాలానికి సైనికుల్ని ఏరడమంటే మాటలా! తళతళలాడే బట్టలు వేస్తే అబద్ధమైపోతుంది. అవి చితికిపోయిన దేశాలు. ఒకడికి ఎవడో చచ్చినవాడి కోటు, చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటాయి. ఇంకొకడికి ఒక పిక్కకి పట్టీ చుట్టి ఉంటుంది, రెండో పిక్కకి ఊడి ఉంటుంది. నమూనాలు పెట్టెల్లో వస్తే మేస్త్రి ఒక్కొక్కడినీ వేళ్ళ మధ్య తిప్పి చూసేవాడు. "వీడి టోపీ తర్వాతి యుద్ధానిది, తీసెయ్. వీడు మరీ అరుస్తున్నాడు, తీసెయ్." చివరికి కొత్తవాణ్ణి పాతవాడి పక్కన నిలబెట్టి ఎత్తు చూసేవాడు. పాతవాళ్ళందరి కాళ్ళ కిందా చెక్క బిళ్ళ అంటించి ఉంటుంది, కొత్తవాడికి ఉండదు. అందుకని బిళ్ళ వదిలేసి బూటు అడుగునించి కొలవాలి. ఆ సూత్రం అందరికీ నేర్పింది ఆయనే.

ఈసారి కూడా అలాగే ఏరాడు. తెప్పించి, రంగులు వేసి, బిళ్ళలు అంటించి ఆదివారం బల్ల మీద దింపాడు.

ఎదుటి సైన్యం ఆయన బావమరిదిది. సైకిళ్ళు బాగుచేస్తాడు, నోటికి తాళం ఉండదు. వంగి చూసి ఈల వేశాడు.

"బావా, వీళ్ళకి ఏం పెట్టి పెంచావు? మావాళ్ళు వీళ్ళ మీసాలు అందుకోవాలంటే స్టూలెక్కాలి!"

గదంతా ఘొల్లుమంది. మేస్త్రి వంగి చూశాడు. నిజమే. కొత్తవాళ్ళంతా తలెత్తు పొడుగు.

"కొండప్రాంతం వాళ్ళురా. పొడుగ్గానే ఉంటారు."

"కొండా లేదు గుండూ లేదు. నువ్వు మావాణ్ణి బిళ్ళతో కలిపి కొలిచావు."

"నేనా! ఆ మాట నాకు నువ్వు చెప్పాలా?"

బావమరిది నవ్వడం ఆపేశాడు. ఒక పాత సైనికుణ్ణి తీసి ఆయన చేతిలో పెట్టాడు. మిగతావాళ్ళు టీకి మెట్లు దిగుతున్నారు.

"బూటు ఎక్కడ అయిపోయింది, బిళ్ళ ఎక్కడ మొదలైంది? చూపించు."

రెండూ మట్టిరంగే. మేస్త్రి బొటనవేలి గోరు కిందికి జరిపి, మెట్టు తగలగానే ఆపాడు. "ఇదుగో."

"గోటితో కాదు బావా. కంటితో."

మేస్త్రి బొమ్మని దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎంత చూసినా మట్టిరంగు ఒకే ముద్దగా ఉంది.

"ఎన్నాళ్ళనించీ ఇలా, బావా?"

"మీ అక్కకి చెప్పకు."

"అక్క సంగతి తర్వాత. నా నోట్లో ఉన్నవి నువ్వు చేసినవే. ఇవి చేసినప్పుడు కనబడిందా?"

"దివ్యంగా కనబడింది. నీ నోటికి అంత అందం ఎక్కడిది, నా పుణ్యమే."

"మరి మొన్న చేసింది?"

మొన్న మేస్త్రి పళ్ళ డాక్టరమ్మకి పంపిన సెట్టు ముందుపళ్ళది. ఎవరో టీచరుది, రేపు పొద్దున్నే నోట్లో పెడతారు. పంటికీ చిగురుకీ మధ్య అంచు దగ్గర ఆయన గోరు పెట్టే చూసుకున్నాడు. రంగు మాత్రం కిటికీ వెలుతురులో, ఎప్పటిలాగే, ఒక్క చూపుతో ఏరాడు. గోటికి రంగు తెలియదు.

చెబితే పని పోతుంది. పళ్ళ మేస్త్రి అన్న పేరే పోతుంది. చెప్పకపోతే ఆ టీచరు పిల్లల ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతుంది.

ఫోను తీసి బావమరిదికి ఇచ్చాడు. "డాక్టరమ్మ నంబరు నొక్కు."

"అమ్మా, మొన్న పంపిన సెట్టు రేపు పెట్టకండి."

"ఏమైంది మేస్త్రిగారూ? చాలా బాగుందే."

"మీరు పైపైన చూసుంటారు. రంగూ, చిగురు అంచూ ఇంకొకళ్ళ చేత చూపించండి."

"మీ పని ఇంకొకళ్ళు చూడటమేంటండీ!"

"చూపించండమ్మా. ఇకమీదట కూడా." చేతిలోని సైనికుణ్ణి బల్ల మీద నిలబెట్టాడు. "నేను రేపొచ్చి చెబుతాను. ముందు నా కళ్ళకో డాక్టర్ని చెప్పండి."

టీకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. వంతు మేస్త్రిది. పాచిక విసిరాడు. అది దొర్లి గుడ్డ ఏటి ఒడ్డున ఆగింది. ఇన్నాళ్ళూ దాని మీద కూడా, సర్దుతున్నట్టు, వేలు పెట్టి గుంటలు తడిమేవాడు. ఈసారి చెయ్యి చాచలేదు.

"ఎంత పడిందిరా?"

"నాలుగు బావా. అబద్ధమాడితే నీ పళ్ళే నన్ను కరుస్తాయి."

మేస్త్రి నవ్వలేదు. తలెత్తు పొడుగు సైనికుణ్ణి తడుముకుని పట్టుకుని, ఏటివైపు జరిపాడు.