వంటింటి కిటికీ మూసింది నేనే

ఊరి చివర అంకులిలో కట్టుకున్న మా కొత్త ఇంటి వంటగదికి చిమ్నీ కావాలా వద్దా అని పోయిన వారమంతా ఇంట్లో చర్చ నడిచింది. మా అమ్మాయి కావాలంది. కిటికీ ఉండగా దండగ అన్నాను నేను. కొలతలకు వచ్చిన దుకాణం మనిషి వాసనను లోపలే పీల్చేసుకునే, గొట్టం అక్కర్లేని రకం ఒకటి చూపించి, "ఇది పెట్టించీసుకోండి మాస్టారూ, మీరు ఏటి వండినా పక్కింటోళ్ళకి తెల్దు" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు కుదురు లేకుండా పోయింది.

మన ఈడువాళ్ళకు ఊరి నడిమధ్య బడా బజార్‌లోని పాత అద్దెవాటాలు గుర్తుండే ఉంటాయి. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు, చిట్టచివర చీకటి వంటిల్లు, దానికున్న ఒక్క కిటికీ ఇంటివాళ్ళ పెరట్లోకి తెరుచుకునేది. మేం అద్దెకున్న వాటా ఇంటివాళ్ళు నీచు ముట్టని వర్తకులు. చేపకు ఆ పేరు పెట్టినవాడి మీద నాకిప్పటికీ కోపమే. మా ఆవిడ రామయ్యపట్నంలో సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి. కులం చూడకుండా చేసుకున్న మా పెళ్ళిని నేను ఉపన్యాసాల్లో ఉదాహరణగా చెప్పుకునేవాణ్ణి కూడా. తిండిని బట్టి మనిషిని ఎంచడం అజ్ఞానమని సభల్లో బల్లగుద్ది వచ్చేవాణ్ణి. ఆదివారం ఆమె కిరసనాయిలు స్టవ్వు మీద ఎండుచేపలు వేయించబోతే, వాటా ఖాళీ చెయ్యమంటారేమోనన్న భయంతో లేచివెళ్ళి ఆ కిటికీ మూసేవాణ్ణి. ఇంటివాళ్ళు ఏనాడూ ఒక్క మాట అనలేదు; అనకముందే నేను మూశాను. ఆ పొగలో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతూనే, "సభకెల్తే లోకాన్ని తలుపులు తియ్యమంటారు, ఇంటికొస్తే నా కిటికీ మూసీస్తారు, ఏటి మాస్టారూ ఇది" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. గ్యాసు పొయ్యి వచ్చి ఏళ్ళు గడిచినా ఆ దగ్గు మాత్రం ఆమెను వదల్లేదు.

దుకాణం మనిషి వచ్చివెళ్ళిన మర్నాడే నా వాదన వెనక్కి తీసుకున్నాను. పొగ ఊపిరిని తినేస్తుంది కాబట్టి చిమ్నీ కావాలి, అందులో తర్కించేదేమీ లేదు. కానీ వాసన దాచిపెట్టే రకం వద్దు, గోడకు కన్నం పెట్టి గొట్టం వీధివైపు తియ్యమన్నాను. మా ఆవిడ విని, "ఇన్నాళ్ళకి బుద్దొచ్చిందేటి" అంది.

నిన్న బిగించారు. ఆమె మొట్టమొదట ఎండుచేపలే వేయించింది, వేయించినంతసేపూ దగ్గలేదు. నేను బయటికి వెళ్ళి గొట్టం కింద నిలబడ్డాను. ఇల్లు మాది, ఖాళీ చెయ్యమనేవాళ్ళు లేరు, పొయ్యి మారింది, పొగ పోయే దారీ మారింది. అయినా ఘుమఘుమలాడే ఆ వాసన నడివీధిలో పీలుస్తూ, పక్కింటివాళ్ళు కిటికీ మూస్తారేమోనని నేను అటే చూస్తూ నిలబడ్డాను.