దాటిపోయే తూటా

పామర్రు దగ్గర మా చెరకుతోటకు పొరుగురైతు ఆయన. అడవిపందుల వేటకు లైసెన్సు రివాల్వరు నింపే ముందు ప్రతి తూటానూ అరచేతిలో దొర్లించి, కన్నులు మూసికొని బరువు చూచేవారు. “పందిలోనే ఆగాలండీ, దాటిపోకూడదు” అంటూ మెత్తని సీసపు తూటాలనే ఎంచుకొనేవారు.

ఒకనాడు ఆ తూటా తిన్న పంది తిరుగబడి, ఆయన పెంపుడు కుక్కను చీల్చివేసి తప్పించుకొంది. మరునాటి ఉదయం ఆయన చేతిలో రాగితొడుగు తూటాలు మెరిసినవి. కన్నులు మూసికొనలేదు.

“ఇవి దాటిపోయేవి గదండీ?” అన్నాను.

“పోనీండి. ఇవాళ దాన్ని వదల్ను.”

తోట ఆవల ఆయన తమ్ముడు డబ్బా వాయిస్తూ పందిని మావైపు తరుముతున్నాడు. “ఒరేయ్, పక్కకి తప్పుకో!” అన్న నా కేక ఆ మోతలో కలిసిపోయింది. చెరకు చీల్చుకొని పంది వెలువడింది. రివాల్వరు పేలింది.

పంది కూలింది. దాని వెనుక డబ్బా మోత కూడా ఆగిపోయింది.