తేట నీళ్లు పారబోసిన పర్వతాలు

పర్వతాలుది అనుమానపు పుట్టుక. పుట్టగానే ముందు మంత్రసాని మొహం చూసి, తర్వాత ఆమె చేతిలోని కొడవలి చూసి, అప్పుడు గానీ ఏడవలేదట. పెద్దయ్యాక తన నీడ తనకంటే ముందు పోతుంటే ఆగిపోయి, అది వెనక్కి తిరిగాకే అడుగు వేసేవాడు. పొద్దున్నే నలభై గొర్రెలనూ పేరుపెట్టి పిలిచి, పలికిన గొంతు దానిదేనా కాదా అని తేల్చుకునేవాడు. ఇందులో అబద్ధమేమైనా ఉంటే ఓ పిసరంతే.

అంతటి మనిషి లోకంలో నమ్మింది ఒక్క బక్కమ్మను. ఆమె అతని అక్క. మొగుడు పోయాక తమ్ముడి వాకిట్లోనే గుడిసె వేసుకుని, వేర్లూ ఆకులూ నూరి జబ్బు గొర్రెలకు మందు పోసేది.

పంతొమ్మిది వందల అరవై అయిదులో వానలు వెనకబట్టాక నందికొండ దిక్కునున్న ఆ కురుమపల్లెలో జ్వరం పడింది. ఎముకలను రోట్లో వేసి దంచినట్టుండే జ్వరం. ఆరుగురు మంచం పట్టారు. ఇద్దరికి చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. ఇక చూసుకోండి, ఊరంతా ఒకటే గుసగుస: బాణామతి. మరి చేసిందెవరు? వేర్లు నూరేదెవరు?

వరసకు బావమరిది అయ్యే ఎల్లేశం వాకిట్లోకే వచ్చి చెప్పాడు.

"బావా, నా పెండ్లాం నోట్ల నెత్తురు పడ్డది. ఆదివారం దాక చూస్తం. మీ అక్కను నువ్వే ఊరు దాటియ్యి. లేకుంటే మంత్రం పలకకుండ పండ్లూడగొడ్తమంటున్నరు."

"ఎవడంటున్నడు?"

"అందరు."

"అందరంటే ఎవడ్రా? పేరు చెప్పు."

ఎల్లేశం పేరు చెప్పకుండానే పోయాడు.

మర్నాడు నందికొండ ఆనకట్ట పనుల దగ్గర జ్వరాలు చూసే రామచంద్రం డాక్టరు జీపులో వచ్చాడు. ఆలేరు మనిషి. జ్వరం దిగిన ఆరుగురి నెత్తురూ కావాలన్నాడు.

"నెత్తురెందుకు సారూ? కట్టకు బలి పోస్తరా?" పర్వతాలు కళ్లు చికిలించాడు.

"కట్టకు సిమెంటు పోస్తున్నరు. నీ నెత్తురు పోస్తే ఏమంటుకుంటదయ్యా? గిది దోమ తెచ్చిన జ్వరమని నా అనుమానం. తేలితే కాయితం రాసిస్త."

అనుమానం అన్న మాట చెవిన పడగానే పర్వతాలుకు డాక్టరు సొంత మనిషిలా కనిపించాడు. అక్క మీది మాట తుడిచేసే కాగితం వస్తుందంటే ఊరుకుంటాడా! ఇల్లిల్లూ తిరిగి ఆరుగురినీ తెచ్చాడు. పర్వతాలే నమ్మాడంటే ఇందులో మోసం లేదని వాళ్లూ చేతులు చాపారు.

ఆరు గాజు గొట్టాలు పర్వతాలు ఇంట్లో పెట్టి డాక్టరు చెప్పాడు: "గడ్డకట్టనియ్యి. పై ఊరు చూసుకొని పొద్దుగూకె యాళ్లకు వస్త. మంచిగ కాపాడు."

నెత్తురు గడ్డకట్టించడం కురుమ పర్వతాలుకు ఒకరు నేర్పాలా? యాట కోసిన ప్రతిసారీ దాని నెత్తురు, అదే నల్ల, గిన్నెలో పట్టేది అతనే. చిటికెడు ఉప్పు వేయాలి, గడ్డ తేలాక పైన ఊరిన తేట నీళ్లు ఒంపేయాలి, అప్పుడే కూరకు రుచి. ఆ నీళ్లు దేనికీ పనికిరావు. సాయంత్రం డాక్టరు వచ్చేసరికి ఆరు గొట్టాల్లోనూ ఆరు గడ్డలు నిగనిగలాడుతున్నాయి.

"పైన తేట ఏదయ్యా?"

"పారబోసిన సారూ. ఉప్పు గూడ ఏసిన, కరాబు కాకుండ."

డాక్టరు కూలబడ్డాడు. "నాకు గావలసింది గా నీళ్లే గద!"

అంత పనికిమాలిన నీళ్లకు ఇంత ఏడుపా అని పర్వతాలు అనుమానంగా చూశాడు. డాక్టరు వివరించాడు.

"దొంగ ఒకింట్ల జొరవడ్డడనుకో. ఆ ఇంటామె పొయ్యి మీద, ఆ ఇంటి సరుకుతోనే తనకు గావలసింది వండిచ్చుకుంటడు. దొంగ కనవడడు గని పొగ బయటికొస్తది. మన ఒంట్ల కణాలున్నయి, చిన్న చిన్న ఇండ్లసొంటివి. దోమ తెచ్చిన విషక్రిమి అండ్ల జొరవడి, కణంతోనే తన సరుకు చేయిస్తది. అండ్ల కొంత సరుకును కణమే నెత్తుర్లకు వదుల్తది. క్రిమి మాయమైనా ఆ సరుకు నాలుగైదు రోజులుంటది, తేట నీళ్లల్ల. గిది గూడ నా అనుమానమే, పూర్తిగ తేలలే."

"ఇంకెన్నాళ్లుంటది సారూ పొగ?"

"రేపటి దాకనేమో. పొద్దున సూదులు ఉడకవెట్టుకొని వస్త. మనుషులను పిలువు."

తెల్లారి ఎల్లేశం వాకిట్లో జనం పోగయ్యారు. డాక్టరు సూదులతో వచ్చి మళ్లీ నెత్తురనగానే అందరి మొహాలూ ముడుచుకుపోయాయి.

"మొదటి నెత్తురేమైంది బావా? కట్ట తాగిందా, మీ అక్క తాగిందా?" అన్నాడు ఎల్లేశం.

ఎండకు చెడిపోయిందని చెప్పొచ్చు. డాక్టరు మీదికి నెట్టొచ్చు. పర్వతాలు నాలుక దాకా రెండూ వచ్చాయి. కానీ ఎదురుగా తన వాకిట్లో, గుడిసె తలుపు సందులోంచి అక్క చూస్తోంది.

"నల్ల అనుకున్న. నీళ్లు ఒంపి ఉప్పేసిన. తప్పు నాదే."

ఎల్లేశం పెండ్లాం నర్సింగమ్మ మంచంలోంచే పక్కున నవ్వింది.

"ఉల్లిగడ్డ గూడ కోసినవా అన్నా? నన్ను కూరొండుకుంటవని తెలిస్తే జర కారం తిందును." నవ్వుతూనే చెయ్యి చాపింది. "తియ్యుండ్రి సారూ. అబద్ధమాడేటోడు ఇంత సిగ్గుమాలిన మాట చెప్పడు. ఇగ కాయితం వచ్చేదాక బక్కక్క జోలికి ఎవ్వలు పోవద్దు."

ఆమె వెనక మిగతా అయిదుగురూ వచ్చారు. ఈసారి పర్వతాలు గొట్టాల పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈగ వాలితే దాన్నీ నమ్మలేదు.

నెల తర్వాత డాక్టరు కాగితం తెచ్చి చదివాడు. ఆరుగురిలో నలుగురి తేటలో ఆ సరుకు దొరికింది. దోమ జ్వరమే.

ఎల్లేశం తల గోక్కున్నాడు. "సరే, దోమనే. మరి దోమను పంపిందెవరు?"

జనం మళ్లీ బక్కమ్మ వైపు చూడబోయారు. దోమలు ఎక్కడ పుడతాయో డాక్టరును ముందే ఆరా తీసిన పర్వతాలు ఎల్లేశం రెక్క పట్టుకుని అతని వాకిట్లోని గోలెం దగ్గరికి ఈడ్చాడు. పశువులు తాగే నీళ్లలో సన్నని పురుగులు వందలకొద్దీ మెలికలు తిరుగుతున్నాయి. డాక్టరు వంగి చూసి, దోమ పిల్లలేనన్నట్టు తలూపాడు.

"ఇగో, గిది నీ మందనే. ఒక్కోదాన్ని పేరువెట్టి పిలువు," అన్నాడు పర్వతాలు.

నర్సింగమ్మ కొంగు బిగించి గోలెం అంచు పట్టుకుంది. బరువుకు కదల్లేదు. చుట్టూ చూసి, గుసగుసలాడిన ఆడవాళ్లందరినీ వదిలేసి పిలిచింది.

"బక్కక్కా, జర ఓ చెయ్యెయ్యి."

బక్కమ్మ తమ్ముడి వైపు చూసింది. పర్వతాలు, అలవాటు కొద్దీ, నర్సింగమ్మ మొహం ఒకసారి పరీక్షగా చూసి, సరేనన్నట్టు తలాడించాడు. ఇద్దరు ఆడవాళ్లూ కలిసి గోలేన్ని ఎల్లేశం కాళ్ల మీదికే ఒంచారు.