పేష్కార్ గారి ఆముదం, నా నెత్తి

నోటిదాకా వచ్చిన మాటను మింగి, నా ఉద్యోగాన్ని నేనే ఆముదంలో ముంచుకున్న కథ ఇది. మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నాకైతే అప్పుడు ఏడుపొచ్చింది.

అవి నిజాం రోజులు. పాలమూరులో ఒక సర్కారు కచేరీలో నేను కచ్చా గుమాస్తాను. అఫ్సర్ సాహెబు సంతకం పెడితే పక్కా అవుతాను. టోపీ లేని నెత్తితో ఆయన ముందుకు వెళ్లకూడదు. మా ముగ్గురు గుమాస్తాలకూ కలిపి ఉన్నది ఒకే ఎర్రటి కుచ్చు టోపీ, రూమీ టోపీ. ఎవరికి పిలుపొస్తే వాళ్లు దాన్ని కొయ్య మీంచి తీసి పెట్టుకుని లోపలికి పోయేవాళ్లం.

చిక్కల్లా మా పెద్ద గుమాస్తా, పేష్కార్ వెంకట్రామయ్య గారితో. ఆయన రోజూ నెత్తికి ఆముదం పట్టించేవారు. అది ఆయన తల నుంచి టోపీలోకి, టోపీ నుంచి మా నుదుళ్ల మీదికి, అక్కడినుంచి సాహెబు గారి కాగితాల మీదికి దిగేది.

"నువ్వు సదువుకున్నోనివి. జర మెల్లగ నువ్వే చెప్పు," అన్నాడు తోటి గుమాస్తా హన్మంతు. "రేపు నిన్ను పక్కా చేసే కాగితం మీద గిట్ల కారిందంటే నీ నౌకరీ ఖతం."

రెండు రోజులు ఇంట్లో గోడకు చెప్పి సాధన చేశాను. మూడోనాడు ఆయన ముందు నిలబడ్డాను.

"పేష్కార్ సాబ్, టోపీలకెల్లి ఆముదం కారుతాంది."

"నేనూ చూస్తనే ఉన్న," అన్నారు ఆయన, మెరిసే నెత్తి నిమురుకుంటూ. "సాబ్ మొన్ననే గరమైండు. ఎవడు వాడు? పేరు చెప్పు!"

అంత అమాయకమైన కోపాన్ని నేనెన్నడూ చూడలేదు. ఆయన పేరు చెప్పడానికే నోరు తెరిచాను.

"నేనే సాబ్," అన్నాను.

వెనక హన్మంతు చేతిలో కలం కిందపడింది.

"నువ్వా! గంత ఆముదం రాస్కుంటరా బిడ్డా? నన్ను చూసి నేర్చుకో. ఫికర్ చెయ్యకు, సాబ్‌కు నేను చెప్త."

చెప్పారు కూడా. అప్పటినుంచి సాహెబు దృష్టిలో ఆ మరకలన్నీ నావే.

నా కాగితం వంతు రానే వచ్చింది. పాపం, మంచి మనిషి, నా తరఫున మాట్లాడటానికి పేష్కార్ గారే టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లారు. నాకు టోపీ లేదు కనుక గడప బయటే నిలబడ్డాను.

"పోరడు ఆముదం మానేసిండు హుజూర్. పక్కా చేయుండ్రి."

సాహెబు సంతకం పెట్టారు. నా ప్రాణం లేచొచ్చింది. పేష్కార్ గారు సంతోషం పట్టలేక నడుం వంచి సలాం చేశారు. టోపీ అంచు నుంచి ఒక్క చుక్క, సరిగ్గా ఆ తడి సిరా మీద పడింది.

సాహెబు సంతకాన్ని చూశారు. తర్వాత గడప బయటున్న నన్ను చూశారు.

"ఆ బేవకూఫ్ ఇంకా మానలేదు! వచ్చే ఏడు చూద్దాం!" అని కాగితం చింపేశారు.

బయటికొచ్చి పేష్కార్ గారు టోపీ తీసి నా నెత్తిన పెట్టారు. "చూసినవా బిడ్డా? నేను చెప్తే ఇనకపోతివి," అన్నారు బాధగా.

ఆయన అటు తిరగగానే టోపీ తీసి కొయ్యకు తగిలించాను. ఇకముందు తప్పు ఎవరిదైతే వాళ్ల పేరే చెబుతానని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను.

చెయ్యి జారింది.